ఉత్తరకథౌచిత్యము: '300: రైజ్ ఆఫ్ ఆన్ ఎంపైర్' చలనచిత్ర పరామర్శ

పూర్వకథ లోకమున ప్రసిద్ధికెక్కిన పిమ్మట దానికి ఉత్తరకథను కూర్చుట ఏ కవికైనను పరీక్షయే. పూర్వకథలో నాయకునకు ఫలప్రాప్తి జరిగియుండును. శ్రోతల యుత్కంఠ తీరియుండును. తీరిన యుత్కంఠను మరల రేకెత్తించుటకు కవికి కొత్త కారణము కావలెను. మనవారిలో ఈ పరీక్షకు నిలిచినవారు రెండు త్రోవలు త్రొక్కిరి. భవభూతి ఉత్తరరామచరితమున రసమునే మార్చివైచెను. వీరము ముగిసినచోట కరుణమును ప్రారంభించెను. ఉత్తరకాండకారుని త్రోవ వేరు. పట్టాభిషిక్తుడైన రాముని కొలువునకు వచ్చిన అగస్త్యుడు, అప్పటికే చచ్చిన రావణుని పుట్టుపూర్వోత్తరములను, తపస్సును, వరములను, దిగ్విజయములను తీరికగా వినిపించును. తిక్కన నిర్వచనోత్తరరామాయణమును చదివినవారికి ఇందలి సొగసు తెలియును. పేరునకు అది ఉత్తరకథయే గాని, అందు పెక్కుభాగము ప్రతినాయకుని పూర్వకథ. శత్రువు ఎంతవాడో తెలిసిన తరువాత, జరిగిపోయిన యుద్ధమే మనకు మరియొక విధముగా గోచరించును.

ఈ రెండవ త్రోవ త్రొక్కిన యొక విదేశ చలనచిత్రమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. 2007 మార్చిలో విడుదలైన '300' అను అమెరికా చిత్రము క్రీ.పూ. 480లో గ్రీసుదేశపు థర్మోపిలే కనుమయందు స్పార్టా రాజగు లియోనిడాస్ తన మున్నూరుగురతో పారసీక చక్రవర్తి జెర్క్సీస్ సేన నెదిరించి మడిసిన కథను చెప్పినది. దానికి ఉత్తరభాగము కొరకు ప్రేక్షకులు ఏడేండ్లు వేచియుండిరి. '300: రైజ్ ఆఫ్ ఆన్ ఎంపైర్' అను పేర అది 2014 మార్చిలో వెలువడినది. పూర్వచిత్రమునకు దర్శకుడైన జాక్ స్నైడర్ దీనికి నిర్మాతలలో నొకడుగను, కర్ట్ జాన్‌స్టాడ్‌తో కలిసి రచయితగను మాత్రము పనిచేసెను. దర్శకత్వము నోమ్ మురోది.

చలనచిత్రమును సాహిత్యశాస్త్రపు త్రాసులో తూచుట తగునా యని కొందరు పరిశోధక మిత్రులు సందేహింపవచ్చును. దృశ్యకావ్యమును విచారించుటకు పుట్టిన శాస్త్రము దృశ్యకావ్యపు కొత్త రూపమును చూచి ముఖము త్రిప్పుకొననక్కరలేదు. వస్తువు, నేత, రసము అను మూడింటిని బట్టియే ధనంజయుడు రూపకములను విభజించెను. వెండితెరపై ఆడు కథకును ఈ మూడింటికంటె వేరు మూలధనము లేదు.

మొదట వస్తువును గూర్చి. ఉత్తరభాగమని పిలువబడుచున్నను, కాలక్రమమున ఇది పూర్వచిత్రము తరువాతి కథ కాదు. క్రీ.పూ. 490 నాటి మారథాన్ యుద్ధముతో ప్రారంభమై, థర్మోపిలే యుద్ధము జరుగుచున్న దినములలోనే సముద్రముపై ఆర్టెమీసియన్ అగ్రమువద్ద జరిగిన పోరును చూపి, అదే యేట సాలమిస్ జలసంధిలో జరిగిన మహానౌకాయుద్ధముతో ముగియును. ఒకే కాలమున నేలమీద నడచిన కథ మొదటిది, నీటిమీద నడచిన కథ రెండవది. ఇట్టి కూర్పు ప్రశంసింపదగినది. ఒక సంఘటనను రెండు వైపులనుండి చూపుట వలన, తాను మొదట చూచినదే సర్వమనుకొనిన ప్రేక్షకుడు దాని ప్రక్కన మరియొక లోకమున్నదని గ్రహించును. చరిత్రయు దీనికి అనుకూలించుచున్నది. హెరొడోటస్ చెప్పినదానిని బట్టి థర్మోపిలే, ఆర్టెమీసియన్ పోరాటములు రెండును అవే దినములలో జరిగినవి. కనుమ పారసీకుల వశమైనదను వార్త అందిన తరువాతనే గ్రీకు నౌకాదళము వెనుకకు మరలినది.

మూలగ్రంథమును గూర్చి ఒకమాట. మొదటి చిత్రమునకు ఫ్రాంక్ మిల్లర్ 1998లో వెలువరించిన బొమ్మలకథ ఆధారము. అది ముందే ముగిసిన గ్రంథము. దాని పుటలను చిత్రకారులు తెరపైకి ఎత్తివ్రాసిరి. రెండవచిత్రమునకు ఆధారమని చెప్పబడిన మిల్లర్ రచన, జెర్క్సీస్ పేర నున్నది, 2018 వరకు వెలుగు చూడలేదు. చిత్రము ముందు, మూలము వెనుక. మూలము తయారుకాకమునుపే అనువాదము వచ్చినట్లయినది. ఈ చిత్రమున కనబడు సంధిలోపములకు కొంత కారణ మిదియేమో యని మాకు తోచుచున్నది.

చారిత్రక కథను కవి మార్చవచ్చునా అను ప్రశ్న మనకు కొత్తది కాదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున దీనికి సమాధానము చెప్పియున్నాడు. ఉన్న యితివృత్తము రసమునకు ప్రతికూలమైనచో దానిని విడిచి, రసానుకూలమైన కథను నడుమ కల్పించుటకు కవికి అధికారము కలదు. జరిగినదానిని జరిగినట్లు చెప్పుట కవికి ప్రయోజనము కాదు, అది చరిత్రవలననే సిద్ధించును. కాళిదాసు దుర్వాసశాపమును, అంగుళీయకమును తెచ్చి భారతములోని శకుంతలోపాఖ్యానమును మార్చెను. దానిచే దుష్యంతుని ధీరోదాత్తత నిలిచినది. కావున ఈ చిత్రము చరిత్రకు భిన్నముగా నున్నదని మాత్రమే చెప్పి ఊరకుండుట విమర్శ కాదు. చిత్రము విడుదలైన నాటినుండి చరిత్రకారులు ఆ పని చేయుచునే యున్నారు. మారథాన్ యుద్ధమున డేరియస్ చక్రవర్తి స్వయముగా లేడు, డాటిస్, అర్టఫెర్నీస్ అనువారు సేనానులు. చిత్రమునందు థెమిస్టొక్లీస్ బాణమునకు డేరియస్ కూలును. చరిత్రలో ఆయన నాలుగేండ్ల తరువాత, క్రీ.పూ. 486లో, గతించెను. ఈ మార్పును మేము తప్పుపట్టము. తండ్రి చావును కన్నులార చూచిన కుమారుని పగ యుద్ధమునకు బీజమగుట నాటకోచితమే. మేము అడుగవలసినది వేరు: ఆ బీజము మొలకెత్తినదా?

మొలకెత్తలేదని చెప్పక తప్పదు. తండ్రి మరణానంతరము జెర్క్సీస్ ఎడారిలో నడచి, యతులుండు గుహ ప్రవేశించి, అందలి మడుగున మునిగి, బంగారుమేని దేవరాజుగా పైకి లేచును. ఉత్తరకాండలో రావణుడు తలలు హోమము చేసి వరములు పొందిన ఘట్టమువంటి స్థానము దీనిది. దృశ్యము గంభీరముగా నున్నది. ఇంత సన్నాహము చేసిన పిమ్మట ఈ దేవరాజు కథలో చేసినదేమి? ఏథెన్స్ తగులబడుచుండగా నిలుచుట, కొండకొమ్మున నిలిచి యుద్ధము చూచుట, తిరిగి పోవుట. ముఖసంధిలో నాటిన విత్తు నిర్వహణమున కనబడదు. అగస్త్యుడు రావణుని తపస్సు అంతయు వర్ణించి, చివరకు వానిని యుద్ధమునకే పంపకపోయినచో ఎట్లుండునో ఈ కథ అట్లున్నది.

జెర్క్సీస్ విడిచిన స్థానమును ఆక్రమించినది ఆర్టెమీసియా. ఈ పాత్రను ధరించిన ఈవా గ్రీన్ నటన చిత్రమునకు ప్రాణము. ఆమె తెరమీద నున్నంతసేపు కథకు వేడి యున్నది, ఆమె తప్పుకొనగానే చల్లబడును. థెమిస్టొక్లీస్ పాత్రధారి సలివన్ స్టేపుల్టన్ ఆమె యెదుట వెలవెలబోయెను. నటుని లోపమని మేము అనము, పాత్రయే అట్లు వ్రాయబడినది. ప్రతినాయకుని ఔన్నత్యము నాయకుని ఔన్నత్యమునకే తోడ్పడునని లాక్షణికులు చెప్పుదురు. అయితే నాయకుడు అంతటి ప్రతినాయకుని గెలుచుటకు తనదైన సాధనమేదో కలిగియుండవలెను. ఈ చిత్రమున నాయకుని సాధనము కత్తి. ప్రతినాయికకును అదే సాధనము. అందులో ఆమెయే మిన్న. కావున తుదకు ఆమె యోడిపోయినదను విశ్వాసము మనకు కలుగదు, కథ ముగియవలసియున్నది గనుక ఓడింపబడినదని మాత్రము తోచును.

ఇచట చరిత్రలోని ఆర్టెమీసియాను స్మరింపవలసియున్నది. మార్పులను పట్టుకొనుటకై కాదు, ఏది మార్చిరో చూచిన గాని ఏది పోగొట్టుకొనిరో తెలియదు గనుక. ఆమె హాలికర్నాసస్ నగరపు రాణి. లిగ్డామిస్ కుమార్తె, తల్లి క్రీటు ద్వీపవాసిని. భర్త మరణానంతరము రాజ్యమేలుచు, నిర్బంధమేమియు లేకున్నను ఐదు ఓడలతో తానుగా జెర్క్సీస్ దండయాత్రలో చేరినది. ఈమెను గూర్చి మనకు చెప్పినవాడు హెరొడోటస్, ఆయనయు ఆ నగరమున పుట్టినవాడే. స్వగ్రామాభిమాన మెంతో కొంత యుండవచ్చును. ఆయన కథనమున ఆమె పరాక్రమవతి యనుటకంటె మంత్రాంగదక్ష యనుట సమంజసము. సాలమిస్ యుద్ధమునకు ముందు జెర్క్సీస్ తనవారి యభిప్రాయములు అడిగించెను. అందరును నౌకాయుద్ధమునకే మొగ్గిరి. ఆమె యొక్కతె వలదన్నది. గ్రీకులకు ఆ ద్వీపమున ఆహారము చాలదనియు, తొందరపడక వేచియున్నచో వారిలో వారు చీలి ఎవరి నగరమునకు వారు పోవుదురనియు, సముద్రమున తొందరపడినచో నౌకాబలము చెడి భూసేన కూడ నష్టపోవుననియు ఆమె హెచ్చరిక సారాంశము. చక్రవర్తి ఆ మాటను మెచ్చుకొనెను, కాని పెక్కురి మతమునే అనుసరించెను. చెడెను.

చిత్రమున ఈ ఘట్టము తలక్రిందులైనది. సాలమిస్‌లో గ్రీకులు కూడుచున్నారని వినగానే యుద్ధమునకు ఉరుకునది ఆర్టెమీసియా, అది ఉచ్చు కావచ్చునని వారించువాడు జెర్క్సీస్! వివేకము రాణినుండి తీసి రాజున కిచ్చి, అవివేకము రాజునుండి తీసి రాణి కిచ్చిరి. దీనివలన ఏ రసము పోషింపబడినది? పగతో కన్నుగానని స్త్రీ తనంతట తాను నాశనమునకు నడచుట రౌద్రమునకు ఉపకరించునని రచయితలు భావించియుందురు. ఆమె పగకు కారణముగా ఒక పూర్వకథను కూడ కల్పించిరి: ఆమె గ్రీకు జాతిదే, గ్రీకు సైనికులు ఆమె కుటుంబమును చంపిరి, ఓడ యడుగున బందీగా పెట్టి తుదకు వీధిలో పారవేసిరి, పారసీకుడొకడు చేరదీసి ఆయుధవిద్య నేర్పెను. కరుణారసపూరితమైన కథయే. అయినను, జ్ఞాని మాట వినక చెడిన ప్రభువు కథలో నున్న విషాదము, కోపముతో చెడిన సేనాని కథలో లేదు. విదురుని మాట త్రోసిపుచ్చిన ధృతరాష్ట్రుని చూచునపుడు మనకు కలుగు వేదన మొదటి తెగకు చెందినది. ఉద్యోగపర్వమున తిక్కన శక్తి యంతయు అట్టి సభలలోనే కదా వెల్లివిరిసినది. చేతికి చిక్కిన సభను వదలి, ఈ చిత్రరచయితలు కయ్యమును పట్టుకొనిరి.

ఓడలో రాత్రివేళ ఆర్టెమీసియా, థెమిస్టొక్లీస్‌ల నడుమ జరుగు రాయబారపు ఘట్టమును గూర్చి ఒక వాక్యము చాలును. శృంగారము, రౌద్రము ఒకదానినొకటి చంపుకొనగా మిగిలినది రసాభాసము.

థెమిస్టొక్లీస్‌కు జరిగిన యన్యాయము ఇంతకంటె పెద్దది. ఆ కాలపు గ్రీకు పురుషులలో మంత్రయుద్ధమునకు అతనికంటె పేరెన్నిక గన్నవాడు లేడు. క్రీ.పూ. 483 ప్రాంతమున లౌరియన్ గనులలో వెండి విశేషముగా పడినపుడు, పౌరులు దానిని తలకింత పంచుకొనదలచిరి. అతడు వారిని ఒప్పించి ఆ ధనముతో ఓడలు కట్టించెను. హెరొడోటస్ 200 ఓడలని చెప్పుచున్నాడు. స్వాతంత్ర్యమును కాపాడిన ఆ యోడలకు మూలధనమైన వెండిని త్రవ్వినవారు దాసులని ఇచట తలచుకొనుట అప్రస్తుతము కాదు. యుద్ధము వచ్చినపుడు ఓడలలో అధికభాగము ఏథెన్స్‌వే యైనను, ఏథెన్స్ వాని క్రింద పనిచేయుటకు మిత్రులు ఇష్టపడనందున, సర్వసేనాధిపత్యము స్పార్టావాడైన యూరిబియాడీస్‌కు విడువబడెను. సాలమిస్‌లో పెలొపొన్నీసస్ వారు ఇస్త్‌మస్ భూసంధికి పారిపోదమనిరి. అపుడు థెమిస్టొక్లీస్ బ్రతిమాలెను, బెదరించెను, మేము మా కుటుంబములతో ఇటలీకి పోవుదుమనెను. తుదకు తన బిడ్డల పెంపకము చూచుచుండిన సికిన్నస్ అను దాసుని రహస్యముగా పారసీకులకడకు పంపి, గ్రీకులు పారిపోనున్నారని చెప్పించి, శత్రువే వచ్చి జలసంధిని మూయునట్లు చేసెను. తనవారిని నిలుపుటకు శత్రువును వాడుకొనిన బుద్ధి యది! ముద్రారాక్షసమున చాణక్యుడు ఒక్క కత్తియు దూయక వీరరసమును నిలిపెను. విశాఖదత్తుని వంటివానికి ఈ సాలమిస్ కథ దొరికినచో ఏడంకములు నిండియుండెడివి. చిత్రమున ఈ యెత్తుగడ యొక లేశముగా మిగిలినది. మిగిలిన కాలమంతయు నాయకుడు ఉపన్యసించును, నరకును, గుఱ్ఱమెక్కి మండుచున్న ఓడలమీద స్వారి చేయును. ఓడపై గుఱ్ఱ మెట్లు వచ్చెనని మేము అడుగము. బుద్ధి యెటు పోయెనని అడుగుచున్నాము.

ఇక చిత్రణరీతి. మొదటి చిత్రము ఒక శైలిని లోకమునకు పరిచయము చేసినది. బల్లెము లేచునపుడు గతి మందగించును, తగులునపుడు వేగము హెచ్చును, నెత్తురు సిరాచుక్కలవలె తెరపై చిందును. బొమ్మలకథలోని నిశ్చలచిత్రమును చలనచిత్రమున నిలుపుటకు కనిపెట్టిన యుపాయ మిది. ఇరుకైన కనుమలో మనిషికి మనిషి ఎదురై పోరు కథకు అది పొసగినది. ఏకవీరుని భంగిమయే అచట అనుభావము. రెండవచిత్రము ఆ శైలినే నీటిమీదకు తెచ్చినది. వర్ణములు మాత్రము మారినవి. గోధుమ, కావి రంగుల స్థానమున నీలము, బూడిదవన్నె వచ్చినవి. కాని నౌకాయుద్ధమున వీరుడెవడు?

ట్రైరీమ్ అను ఆ గ్రీకు యుద్ధనౌకను గూర్చి నేడు మనకు చాలవరకు తెలియును. 1987లో గ్రీసులో ఒలింపియాస్ అను పేర దాని నమూనాను కట్టి సముద్రముపై పరీక్షించిరి. సుమారు 37 మీటర్ల పొడవు, మూడంతస్తుల వరుసలలో 170 మంది తెడ్డువేయువారు, మొత్తము ఇంచుమించు 200 మంది. నీటిమట్టమున ముందుకు పొడుచుకొనివచ్చిన కంచుతొడుగు ముక్కు దాని ముఖ్యాయుధము. ఓడయే బాణము. గురి తప్పక శత్రునౌక ప్రక్కను తాకి, వెంటనే వెనుకకు తీయుట యుద్ధతంత్రము. 170 తెడ్లు ఒకే లయలో పడవలెను. ఒకడు తాళము తప్పినచో ప్రక్కవాని తెడ్డు చిక్కుకొనును. క్రింది రెండు వరుసలవారికి సముద్రము కనబడదు, శత్రువు కనబడడు. వినవచ్చునవి పిల్లనగ్రోవి స్వరము, లయ చెప్పువాని కేక, తమ ఓడ శత్రునౌకను తాకినదో శత్రునౌకయే తమను తాకినదో తెలియని చప్పుడు. సాలమిస్‌లో ఏథెన్స్ ఓడలు 180 అని హెరొడోటస్ లెక్క. అనగా ముప్పదివేలకు మించిన మనుష్యులు చీకటిలో కూర్చుండి, చూడని శత్రువుతో పోరిరి. వీరిలో పెక్కురు భూవసతి లేని నాల్గవ తరగతి పౌరులు. కవచము కొనుక్కొనలేనివారు. నగరమునకు బలమిచ్చినది ఓడలు నడపు ఈ బీదజనమే గనుక అధికారమును వారికే చెల్లుట న్యాయమని, వారిని మెచ్చని యొక గ్రీకు రచయిత కూడ ఆ శతాబ్దముననే ఒప్పుకొనవలసివచ్చెను.

ఇది ఎట్టి వస్తువు! ఉత్సాహము స్థాయిగా గల వీరరసమునకు ఆలంబనము శత్రువని శాస్త్రము. శత్రువు కంటికి కనబడనపుడు ఉత్సాహము దేనిని పట్టుకొని నిలుచును? ప్రక్కవాని ఊపిరిని పట్టుకొని నిలుచును, లయను పట్టుకొని నిలుచును. లాక్షణికులు విచారింపని వీరభేద మొకటి ఇచట కలదని మేము భావించుచున్నాము. వెండితెరకు ధ్వని కలదు, చీకటి కలదు. ఈ వీరమును చూపుటకు దానికంటె తగిన సాధనము లేదు. చిత్రమున తెడ్డువేయువారు కనబడుదురు గాని క్షణకాలము మాత్రమే. కెమెరా మరల మరల ఓడ యడుగును విడిచి పైబల్లపైకి ఎక్కును. అచట కనుమలో జరిగిన పోరే మరల జరుగును, క్రింద నేలకు మారుగా చెక్క. మొదటిచిత్రపు శైలి రెండవచిత్రపు వస్తువును మ్రింగివైచినది. క్షేమేంద్రుడు చెప్పినట్లు మేఖలను కంఠమున ధరించినచో నగకు లోపము లేదు, తొడిగినచోటు లోపము.

కథ చెప్పువారిని గూర్చియు విచారింపవలెను. ఇందు పూర్వోత్తరచిత్రముల తారతమ్యము స్పష్టముగా తెలియుచున్నది. మొదటి చిత్రమును చెప్పువాడు డీలియస్ అను ఒంటికంటి యోధుడు. ప్లటేయా యుద్ధమునకు ముందు సైనికులకు ఉత్సాహము కలిగించుటకై అతడు ఆ కథ చెప్పును. ఏనుగులు కొండలంతలుగ కనబడుట, శత్రువులు రాక్షసాకారులగుట, జెర్క్సీస్ మనుష్యప్రమాణమును మించుట, ఇవి యన్నియు దండులో చెప్పు కథకుని యతిశయోక్తులుగా సమర్థింపవచ్చును. పల్నాటివీరుల కథను వీరవిద్యావంతులు పాడుచుండగా విన్నవారికి ఇట్టి యతిశయోక్తి క్రొత్తది కాదు. పారసీకుల చిత్రణమునకు 2007లో ఇరాన్ ప్రభుత్వము నిరసన తెలిపినది. ఆ నిరసన న్యాయమైనదే. అయినను కళావిచారమున ఆ చిత్రమునకు ఈ కథకుడు ఒక యాచ్ఛాదనము. రెండవచిత్రమును చెప్పునది లియోనిడాస్ భార్య గోర్గో. ఆర్టెమీసియా బాల్యము ఆమె కెట్లు తెలిసినది? ఏథెన్స్ సభలో ఏమి జరిగినదో, పారసీక చక్రవర్తి గుహలో ఏమి చూచెనో, రాత్రి ఓడలో ఇరువురి నడుమ ఏమి నడచెనో ఆమె యెట్లెరుగును? అగస్త్యునకు దివ్యదృష్టి కలదు, గోర్గోకు లేదు. కథకురాలు పేరునకు మాత్రమే యున్నది. ఆమె కంఠము వినబడును, ఆమె చూపు కనబడదు. కాబట్టి ఇందలి యతిశయోక్తులకు ఆశ్రయము లేకపోయినది. శత్రువును వికృతముగా చూపుట కథకుని దోషము కాక కవి దోషమైనది.

గోర్గోను గూర్చియు హెరొడోటస్ చక్కని కథ చెప్పెను. పారసీకుల సన్నాహమును తెలుపుచు డెమరేటస్ పంపిన రహస్యలేఖ, మైనము పూసిన వట్టి పలకగా స్పార్టాకు చేరినది. ఎవరికిని అర్థము కాలేదు. మైనమును గీకి చూడుడని చెప్పినది గోర్గో. క్రింద కొయ్యపై అక్షరము లుండెను. ఈ చిత్రమున ఆమె చేతికి తుదిలో కత్తి యిచ్చిరి. స్పార్టా మహానౌకాదళముతో ఆమె సాలమిస్‌కు వచ్చి యుద్ధమును గెలిపించును. సాలమిస్‌లో స్పార్టా ఓడలు 16. కొరింత్‌వి 40. చిత్రమున ఆమెతోపాటు డెల్ఫీ, థీబ్స్, ఒలింపియా, ఆర్కేడియాల ఓడలు కూడ వచ్చునని చెప్పబడినది. థీబ్స్ అప్పటికి పారసీకుల పక్షమున చేరియున్నది. ఆర్కేడియా సముద్రమే లేని కొండసీమ. ట్రాయి యుద్ధమునకు పోవుటకై ఆర్కేడియావారికి అగమెమ్నన్ ఓడ లియ్యవలసివచ్చినదని హోమరు పట్టికలో నున్నది. ఈసారి ఎవరిచ్చిరో! హాస్యమునకు చెప్పితిమి గాని, దీనివలన కథకు కలిగిన హాని హాస్యము కాదు. ఓడిపోవుచున్న నాయకుని వెలుపలివారు వచ్చి రక్షించినచో ఫలము నాయకునిది కాదు. ఏథెన్స్ కథగా ప్రారంభమైన కావ్యము తుదకు మరల స్పార్టా కావ్యమైనది. ఉత్తరభాగము పూర్వభాగపు కాళ్ల దగ్గరకే తిరిగి వచ్చినది.

చివరకు ఒక పాత్రను గూర్చి చెప్పవలసియున్నది. అతడు చిత్రమున చిన్నపాత్ర, సాహిత్యమున మహాకవి. థెమిస్టొక్లీస్ ప్రక్కన పోరు మిత్రునిగా ఈస్కిలస్ అనువా డొకడు ఇందు కనబడును. మారథాన్‌లో పోరి, ఆ యుద్ధమున తన సోదరుని పోగొట్టుకొనిన నాటకకర్త ఈస్కిలస్ ఇతడే. సాలమిస్‌లోను ఉన్నాడని ప్రాచీనుల మాట. సాలమిస్ జరిగిన ఎనిమిదేండ్లకు, క్రీ.పూ. 472లో, 'పారసీకులు' అను విషాదనాటకమును ఆయన ఏథెన్స్ రంగస్థలమున ప్రదర్శింపజేసెను. ప్రేక్షకులలో వేలమంది ఆ యోడలలో తెడ్లు వేసినవారు. నగరమున కాలిన గుడులు ఇంకను అట్లే యున్నవి. అట్టివారికి ఆయన చూపినది తమ విజయోత్సవము కాదు. నాటకము జరుగు తావు శత్రురాజధానియగు సూసా. జెర్క్సీస్ తల్లి దుఃస్వప్నము కని వార్తకై వేచియుండును. దూత వచ్చి చచ్చినవారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పును. అన్నియు పారసీకుల పేర్లే. గ్రీకువీరుడు ఒక్కడైనను పేరుతో చెప్పబడడు, థెమిస్టొక్లీస్ కూడ. డేరియస్ ప్రేతము లేచి కుమారుని దర్పమును నిందించును. తుదకు జెర్క్సీస్ చినిగిన వస్త్రములతో వచ్చి వృద్ధులతో కలిసి విలపించును.

యుద్ధమున విజయమైన పిమ్మట భారతము స్త్రీపర్వమునకు ఏల చేరుకొనెనో మన విద్యార్థులకు బోధించునపుడు ఈ నాటకమును చెప్పవచ్చును. గాంధారి రణభూమిలో తన బిడ్డల కళేబరములను చూచి ఏడ్చుచుండగా, వినువాడు పాండవపక్షపాతి యైనను ఆమె దుఃఖమును తప్పించుకొనలేడు. శత్రువు శోకమును శత్రువు కంఠముననే వినిపింపగలిగిన కావ్యమునకు, శత్రువును భూతముగా చిత్రించు కావ్యమునకు దూరము చాల గలదు. ఈ చిత్రము ఆర్టెమీసియా బాల్యమును చెప్పినపుడు ఆ దూరమును కొంత నడచినది. ఆమె బాధకు కారకులు గ్రీకులేయని చెప్పుటలో రచయితలకు ఒక సాహసము కలదు. దానిని మేము మెచ్చుకొనుచున్నాము. అయితే ఆ మాటను ఒక్క గ్రీకువాడును వినడు. థెమిస్టొక్లీస్ ఆమెను చంపును గాని ఆమె కథ తెలిసి చంపడు. ఈస్కిలస్‌ను పాత్రగా తెచ్చి చేతికి కత్తి యిచ్చినవారు, ఆయన చూపును ఒక్క దృశ్యమునకైనను అరువు తెచ్చుకొనలేదు.

థెమిస్టొక్లీస్ కథకు నిజమైన ఉత్తరభాగ మింకను తెరకెక్కలేదు. సాలమిస్ జరిగిన పదేండ్లు తిరుగకముందో తిరిగిన వెంటనేయో ఏథెన్స్ పౌరులు మట్టిపెంకులపై పేరు గీచి అతనిని దేశమునుండి వెడలగొట్టిరి. తుదకు స్పార్టావారును ఏథెన్స్‌వారును వెంటాడగా, అతడు సముద్రము దాటి, జెర్క్సీస్ కుమారుడగు అర్టజెర్క్సీస్ శరణు జొచ్చెను. ఒక సంవత్సరము గడువడిగి పారసీక భాషను నేర్చుకొనెను. చక్రవర్తి అతనికి మూడు పట్టణముల నిచ్చెనని థ్యుసిడిడీస్ వ్రాసెను: రొట్టెకు మాగ్నీషియా, ద్రాక్షాసవమునకు లాంప్సకస్, వ్యంజనములకు మ్యూస్.